చార్జింగ్ స్టేషన్ ఎవరి భూమిలో, ఎవరి పేరు మీద?

(బోయిన్‌పల్లిలో మన విద్యార్థులు, పనులు చేసుకునే యువకుల మధ్య మాట్లాడిన మాటలు. చదవడానికి వీలుగా అక్కడక్కడ సరిచేసి రాసిన.)



మీలో చాలామందికి ఈ పట్నం మొదట కనబడింది బోయిన్‌పల్లిలోనే. ఆదిలాబాద్ దిక్కు నుంచి రాత్రి బస్సు ఎక్కితే నిర్మల్, కామారెడ్డి, మేడ్చల్ అన్నీ నిద్రలోనే పోతయి. తెల్లారగట్ల కండక్టర్ "బోయిన్‌పల్లి, బోయిన్‌పల్లి" అని అరిస్తే ఉలిక్కిపడి లేచి, సంచి సదురుకొని దిగుతం. నేను మొదటిసారి దిగినప్పుడు ముక్కుకు తగిలింది రెండే వాసనలు. ఒకటి మార్కెట్లో కుళ్లిన టమాటాది, ఇంకొకటి డీజిల్ పొగది. ఇయ్యాల నేను మాట్లాడబోయేది ఈ రెండు వాసనల గురించే.

పొద్దున ఒక తమ్ముడు అడిగిండు. "అన్నా, మన గోస పోడు పట్టాలు, హాస్టళ్లు, ఉద్యోగాలు. కరెంటు కార్లు, చార్జింగ్ స్టేషన్ల ముచ్చట మనకెందుకు? మనూళ్లో కారే లేకపాయె." మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పనీకే వచ్చిన.

ముందు దేశం సంగతి. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచి కొని తెచ్చుకుంటున్నం. ఎక్కడో గల్ఫ్‌ల యుద్ధం మొదలైతే ఇక్కడ ఆటో కిరాయి పెరుగుతది. 1990లో ఇరాక్ సైన్యం కువైట్‌ల దిగినప్పుడు చమురు ధర ఎగబాకింది, ఆ మరుసటేడు విదేశీ మారకం లేక దేశం బంగారం కుదువబెట్టాల్సి వచ్చింది. 2022లో రష్యా, ఉక్రెయిన్ కొట్లాటప్పుడు కూడా ధరలు ఎట్ల పోయినయో మీకు యాదుంటది. అందుకే సర్కారు చమురు తగ్గిద్దాం, కరెంటు బండ్లు పెంచుదాం అంటున్నది. 2019లో మొదలైన ఫేమ్ రెండో విడతకు 10,000 కోట్లు పెట్టింది. 2024 అక్టోబర్‌ల పీఎం ఈ-డ్రైవ్ అని ఇంకొకటి వచ్చింది, దానికి 10,900 కోట్లు. అందులో 2,000 కోట్లు కేవలం చార్జింగ్ స్టేషన్లకే. మన రాష్ట్రంల 2024 నవంబర్ నుంచి కరెంటు బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ, 2026 డిసెంబర్ ఆఖరు దాకా.

ఇదంతా మంచిదే, నేను కాదనను. కానీ చమురును ఎవరు తాగుతున్నరో చూడాలె. 2014లో పెట్రోలియం శాఖ ఒక సర్వే బయటపెట్టింది. దేశంల అమ్మే పెట్రోల్‌లో సగానికన్నా ఎక్కువ టూ వీలర్లే తాగుతున్నయట, కార్లు కాదు. డీజిల్ ఎక్కువగా పోయేది లారీలకు, బస్సులకు, ట్రాక్టర్లకు. అంటే జూబ్లీహిల్స్‌ల ఒకాయన 50 లక్షల కరెంటు కారు కొంటే దేశానికి మిగిలేది తక్కువ. మన ఉట్నూరు బస్సు కరెంటు మీద నడిస్తే, కూలికి పోయేటోని బైక్ కరెంటుది అయితే మిగిలేది చాలా ఎక్కువ. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం పెట్టిన్రు, ఫార్ములా ఈ అని. నేను కూడా ఫోన్‌ల చూసిన, బాగానే ఉండె. పందెం కార్లకు తొవ్వ దొరికింది. మన బస్సుకు ఎప్పుడు దొరుకుతదో?

బస్సుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్న. ఆర్టీసీ 2019 మార్చిలనే 40 కరెంటు బస్సులు తెచ్చింది, ఎయిర్‌పోర్టుకు నడపనీకి. వాటికి కంటోన్మెంట్, మియాపూర్ డిపోలల్ల చార్జింగ్ పెట్టిన్రు. కంటోన్మెంట్ డిపో మనకు దగ్గర్నే ఉన్నది. మొన్న 2025లో పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 బస్సులు కేటాయించిన్రు. చూడున్రి, మొదట విమానం ఎక్కేటోళ్లకు, తర్వాత నగరానికి. ఏజెన్సీకి ఎప్పుడు అని ఎవరూ రాయలేదు. మనం అడగకపోతే రాయరు.

ఇప్పుడు అసలు ముచ్చట. కరెంటు బండికి కరెంటు యాడికెళ్లి వస్తది? ఈ దేశంల తయారయ్యే కరెంటులో 70 శాతానికి పైగా బొగ్గు నుంచే వస్తది. బొగ్గు యాడుంది? 1889లో ఇల్లెందుల తవ్వుడు మొదలైంది. అక్కడి నుంచి కొత్తగూడెం, మణుగూరు, భూపాలపల్లి, మన దిక్కు బెల్లంపల్లి, మందమర్రి. కోయ, గోండు, కొలాం గూడేల మధ్యల నుంచే గోదారి పొడుగునా తవ్వుకుంటూ వచ్చిన్రు. మంచిర్యాల జిల్లా జైపూర్‌ల సింగరేణి పెట్టిన థర్మల్ స్టేషన్ 1,200 మెగావాట్లు. మణుగూరు దగ్గరి భద్రాద్రి స్టేషన్ 1,080 మెగావాట్లు. నీళ్ల కరెంటు అంటరా? దిగువ సీలేరు 460 మెగావాట్లు, అది కూడా అడవి లోపల్నే. పోలవరంల 960 మెగావాట్లు అంటున్నరు. దానికోసం 2014లో ఏడు మండలాలనే రాష్ట్రం మార్చి కలిపిన్రు, మునిగేది కోయలు, కొండరెడ్ల ఊర్లు.

కాబట్టి "పొగ లేని బండి" అని ఎవరన్నా అంటే ఒక్క నిమిషం ఆగున్రి. పొగ లేకుండా పోలేదు, జాగ మారింది. ఇక్కడ బోయిన్‌పల్లి చౌరస్తాల తగ్గింది, అక్కడ థర్మల్ చిమ్నీ కింద ఉన్న గూడెంల మిగిలింది. లెక్కకు మొత్తం మీద తగ్గుతదనేది నిజమే, సోలార్ పెరిగిన కొద్దీ ఇంకా తగ్గుతది. కానీ మిగిలింది ఎవరి నెత్తిన పడుతున్నదో మనం చెప్పకపోతే ఎవరు చెప్తరు?

బొగ్గు ఒక్కటే కాదు. బండి బరువు తగ్గించనీకి అల్యూమినియం కావాలె, కరెంటు తీగలకు అల్యూమినియం కావాలె. అల్యూమినియం అంటే బాక్సైట్, బాక్సైట్ అంటే విశాఖ ఏజెన్సీ కొండలు, ఒడిశా నియమగిరి. 2013లో నియమగిరిల 12 గ్రామసభలు పెడితే 12కు 12 వద్దన్నయి. బ్యాటరీల లిథియం కోసం చిలీ దేశంల అటకామా ఎడారిలో నీళ్లు తోడుతుంటే అక్కడి మూలవాసులు కూడా మన తీరుగనే కొట్లాడుతున్నరు. మన భాష వాళ్లకు రాదు, వాళ్ల భాష మనకు రాదు. పంచాయితీ మాత్రం ఒక్కటే.

అయితే కరెంటు బండ్లు వద్దందామా? నేను అట్ల అనను. ఎందుకో చెప్తా.

మా ఊరు మెయిన్ రోడ్డు నుంచి లోపలికి ఉంటది. బంకు చాలా దూరం. కాబట్టి కిరాణా కొట్టుల నీళ్ల సీసాల పోసి పెట్రోల్ అమ్ముతరు. లీటరు అంటరు, లీటరు ఉండదు. ధర బంకుల కన్నా ఎక్కువ. వానాకాలం ఒకసారి మా చిన్నమ్మకు రాత్రి నొప్పులు మొదలైనయి. ఊర్ల ఉన్న ఒక్క ఆటోల పెట్రోల్ లేదు. కొట్టాయనను లేపి, ఉన్న నాలుగు సీసాలు పోపించి బయల్దేరేసరికి గంట దాటింది. దవాఖానకు పోయినం, బిడ్డ దక్కింది, ఇప్పుడు బడికి పోతున్నది. కానీ ఆ గంట మా చిన్నమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు. ఊర్లనే ఒక ప్లగ్గు ఉండి, రాత్రి చార్జింగ్ అయిన ఆటో నిలబడి ఉంటే ఆ గంట పోయేది కాదు.

పైసల లెక్క కూడా చూద్దాం. హైదరాబాద్‌ల లీటరు పెట్రోల్ 107 రూపాయలు దాటింది. మామూలు బైక్ లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకు రెండు రూపాయల పైన. కరెంటు స్కూటర్ బ్యాటరీ 3 యూనిట్లది అనుకోండి, 90 కిలోమీటర్లు పోతది. యూనిట్ 6 రూపాయలు వేసుకున్నా 18 రూపాయలు, అంటే కిలోమీటరుకు 20 పైసలు. బండి ధర ఎక్కువ, బ్యాటరీ కొన్నేండ్లకు మార్చాలె, అది నిజం. అయినా రోజూ 60, 70 కిలోమీటర్లు తిరిగేటోనికి మిగులుతది. మీలో డెలివరీ బండి తోలే తమ్ముళ్లకు ఈ లెక్క నాకన్నా బాగా తెలుసు. కిరాయికి స్కూటర్ తీసుకొని, బ్యాటరీ మార్చే చోటు కోసం రాత్రి పదకొండింటికి తిరిగేది మీరే కదా.

మీకొక జాగ్రత్త. రూముల్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద చార్జింగ్ పెట్టి, పక్కనే పండుకోకున్రి. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌ల ఒక హోటల్ కింది స్కూటర్ల షోరూంల మంటలు లేచి 8 మంది చనిపోయిన్రు. ఇంట్లో ఉన్న కనెక్షన్ మీద బండి చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర మార్గదర్శకాలు చెప్తున్నయి, ఇల్లు ఓనర్ వద్దంటే ఆ మాట చూపియ్యొచ్చు. కానీ మంచి సాకెట్ ఉండాలె, గాలి తగిలే జాగ ఉండాలె. మెట్ల కింద వద్దే వద్దు.

ఇప్పుడు చార్జర్లు ఎక్కడ పెడుతున్నరో చూద్దాం. కేంద్రం మొదట పెట్టిన నియమం ఏందంటే పట్నంల మూడు కిలోమీటర్లకు మూడు కిలోమీటర్ల గడికి ఒక స్టేషన్, జాతీయ రహదారికి ఇరుపక్కల 25 కిలోమీటర్లకు ఒకటి. ఆదిలాబాద్ నుంచి బోయిన్‌పల్లి దాకా 300 కిలోమీటర్లు. అంటే ఒక పక్కన 12 స్టేషన్లు. చాలా బాగుంది. కానీ గుడిహత్నూర్ దగ్గర హైవే దిగి ఇంద్రవెల్లి, ఉట్నూరు, జైనూరు, కెరమెరి ఘాట్ మీదికి పోతే? ఆ గడిల లెక్కల మనం లేము, పట్నం కాదు కాబట్టి. ఆ 25 కిలోమీటర్ల లెక్కల కూడా లేము, జాతీయ రహదారి కాదు కాబట్టి.

ఇంకొకటి చెప్తా, ఇది చాలామందికి తెలియదు. 2018 ఏప్రిల్‌ల కేంద్ర విద్యుత్ శాఖ ఏమన్నదంటే, బండికి చార్జింగ్ చేసుడు కరెంటు అమ్ముడు కాదు, సేవ. కాబట్టి లైసెన్సు అక్కర్లేదు. ఎవరైనా పెట్టుకోవచ్చు. పెట్రోల్ బంకుకు ఎన్ని అనుమతులు, ఎంత పెట్టుబడి! చార్జింగ్‌కు ఆ గోడ లేదు. మనకు తలుపు తెరిచే ఉంది. మన మీద పడేటోళ్లకు కూడా తెరిచే ఉంది.

బంకుల కథ మీకు తెల్వనిదా? ఎస్టీ కోటా కింద డీలర్‌షిప్ వస్తది. బోర్డు మీద మనోని పేరు ఉంటది, గల్లా పెట్టె మీద వేరేటోని చెయ్యి ఉంటది. నెలకు కొంత చేతుల పెట్టి సంతకాలు తీసుకుంటరు. 2023లో ఫేమ్ కింద 7,432 ఫాస్ట్ చార్జర్లకు 800 కోట్లు ఇచ్చిన్రు. ఎవరికి? మూడు సర్కారు చమురు కంపెనీలకు, బంకులల్లనే పెట్టుమని. అంటే ఎవరి చేతుల బంకు ఉన్నదో వాళ్ల చేతికే చార్జర్ వస్తది. ఏజెన్సీల బినామీ బంకు ఉన్న చోట బినామీ చార్జర్ వస్తది. పదేండ్ల తర్వాత మనం మళ్లీ ధర్నా చేస్తం, "మా భూమిలో బయటోళ్ల స్టేషన్లు" అని. ఆ ధర్నా ఇప్పుడే చేస్తే ఖర్చు తక్కువ.

మన చేతిల చట్టం లేదా? ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో గట్టి చేసిన్రు, అదే వన్ ఆఫ్ సెవెంటీ. షెడ్యూల్డ్ ఏరియాల ఆదివాసీ కానోళ్లకు భూమి బదిలీ చెల్లదు. బదిలీ అంటే అమ్ముడు ఒక్కటే కాదు. కుదువ, దానం, మార్పిడి, లీజు కూడా. ఈ లీజు అన్న మాట గట్టిగ పట్టుకోండి. చార్జింగ్ కంపెనీలు భూమి కొనవు, లీజుకే అడుగుతయి. "నీ పొలం మూల రెండు గుంటలు ఇయ్యి, నెలకు కిరాయి ఇస్తం" అంటరు. మనోడు సంబరపడి సంతకం పెడతడు. ఆ కాగితం చెల్లదు. అది అతనికి చెప్పాల్సింది మనమే, కంపెనీ చెప్పదు.

1997లో సమత తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ఏరియాల గనుల లీజు ప్రైవేటు కంపెనీలకు ఇయ్యొద్దు, తవ్వితే సర్కారు సంస్థ గానీ ఆదివాసీల సహకార సంఘాలు గానీ తవ్వాలె అని సుప్రీంకోర్టు చెప్పింది. అది గనుల తీర్పు, చార్జింగ్ తీర్పు కాదు, నాకు తెలుసు. కానీ తొవ్వ చూపిచ్చింది. ఆదివాసీ సహకార సంఘం చార్జింగ్ స్టేషన్ నడిపితే భూమి బదిలీ సమస్యే రాదు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. కొన్ని చోట్ల పెట్రోల్ బంకులు కూడా నడుపుతున్నది. ఇప్పపువ్వు కొనేటోళ్లు, బంకు నడిపేటోళ్లు చార్జర్ నడపలేరా?

ఊరు అటవీ భూమిల ఉంటే ఎట్ల అని అడుగుతరు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదవండి. సర్కారు నిర్వహించే 13 రకాల సౌకర్యాలకు, ఒక్కోదానికి హెక్టారు లోపు, అటవీ భూమి వాడుకోవచ్చు. హెక్టారుకు 75 చెట్ల కన్నా ఎక్కువ కొట్టొద్దు. గ్రామసభ సిఫారసు ఉండాలె. ఆ 13లో బడి, దవాఖాన, అంగన్‌వాడీ, రోడ్డు ఉన్నట్టే కరెంటు లైన్లు ఉన్నయి, సంప్రదాయేతర ఇంధనం కూడా ఉన్నది. అంటే సోలార్. అటవీ శాఖ ఆఫీసర్ "లైన్ వేయనియ్యం" అన్నప్పుడు ఈ సెక్షన్ ఆయన ముందల పెట్టాలె. కాకపోతే "సర్కారు నిర్వహించే" అనే మాట మర్చిపోవద్దు. ప్రైవేటు చార్జర్‌కు ఇది పనికిరాదు. ఐటీడీఏ గానీ పంచాయతీ గానీ ముందల ఉండాలె.

ఇంక కరెంటు పని ఎట్ల అంటే, ఇది నేను ఒక లైన్‌మన్ అన్న దగ్గర కూసుండి నేర్చుకున్న. గూడేలల్ల ఉండేది చిన్న ట్రాన్స్‌ఫార్మర్, 25 కేవీఏ అనుకోండి. హైవే మీద పెట్టే 60 కిలోవాట్ల ఫాస్ట్ చార్జర్ తెచ్చి దాని మీద పెడితే ఊరంతా చీకటే. మనకు అది వద్దు. మనకు కావాల్సింది 15 ఆంపియర్ల మంచి సాకెట్లు. ఒక్కోటి 3 కిలోవాట్ల చిల్లర లాగుతది. రాత్రి మోటార్లు బంద్ అయినంక నాలుగు బండ్లు ఒక్కసారి పెట్టినా 13 కిలోవాట్లు, ట్రాన్స్‌ఫార్మర్ ఓర్చుకుంటది. ఒక మీటరు, ఒక రేకుల షెడ్డు, ఎర్తింగ్ సరిగ్గ ఉండాలె. అంతే.

సోలార్ అయితే ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తయి. 5 కిలోవాట్లు పెడితే 20 యూనిట్లు. అంటే రెండు ఆటోలు, ఒక స్కూటర్ నిండుతయి. 2025 మేల నల్లమల మాచారంల సర్కారు ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టింది, 12,600 కోట్లు, పోడు పట్టాలున్న 6 లక్షల ఎకరాలకు సోలార్ పంపులు అని. ఆ పంపు ఏడాదంతా నడవదు. పంట లేనప్పుడు పలకలు ఊకనే ఎండకు ఎండుతయి. దానికి మామూలు కంట్రోలర్ కాకుండా యూనివర్సల్ కంట్రోలర్ పెడితే అదే పలకల మీద పిండిగిర్ని నడుస్తది, బ్యాటరీ చార్జింగ్ కూడా నడుస్తది. కేంద్ర సోలార్ శాఖ ప్రమాణాలల్ల ఇది ఉన్నది. టెండర్లు పిలిచే ముందల అడిగితే పెడతరు, పంపు బిగించినంక అడిగితే నవ్వుతరు.

మళ్లీ ఆ కుళ్లిన టమాటా దగ్గరికొస్తున్న. ఈ బోయిన్‌పల్లి మార్కెట్‌ల రోజూ మిగిలే కూరగాయల చెత్త సుమారు 10 టన్నులు. ముందల దాన్ని డంపింగ్ యార్డుకు పంపేటోళ్లు. ఇక్కడనే తార్నాకల ఉన్న ఐఐసీటీ సైంటిస్టుల టెక్నాలజీతోటి ప్లాంటు పెట్టిన్రు. ఆ చెత్త నుంచి రోజుకు 500 యూనిట్ల దాకా కరెంటు, 30 కిలోల గ్యాస్. మార్కెట్ లైట్లు, దుకాణాలు, ఆఫీసు, నీళ్ల మోటార్లు దానితోటే. గ్యాస్ క్యాంటీన్‌కు పోతది. 2021 జనవరిల ప్రధాని రేడియోల కూడా చెప్పిండు. 500 యూనిట్లంటే నా లెక్కల 160 స్కూటర్లు, లేదంటే 60 ఆటోలు రోజూ నిండుతయి. ఈ మార్కెట్‌ల మూటలు మోసే మనోళ్లు ఉన్నరు. వాళ్లు ఊడ్చి పారేసే చెత్త కరెంటు అయితున్నది. చమురు తగ్గించుడంటే నాకు గిట్ల కనబడుతది. ఎవరి ఊరునూ ముంచకుండ, ఎవరి కొండనూ తవ్వకుండ, ఉన్న చోటనే పుట్టి ఉన్న చోటనే వాడుకునే కరెంటు. అన్ని చోట్లా ఇది కుదరదు, 2,000 బస్సులకు చెత్త సరిపోదు. కానీ గూడేనికి రెండు ఆటోల కరెంటు గూడెంలనే పుట్టొచ్చు.

ఒకటి చెప్పి నవ్వుకుందాం. కేస్లాపూర్ నాగోబా జాతరకు ఎన్ని బండ్లు వస్తయో మీకు తెలుసు, దుమ్ము, పొగ. అక్కడ పది సాకెట్లు పెట్టియ్యాలె అని మా ఊరి పటేల్‌తోటి అన్న. ఆయన అన్నడు, "పెట్టియ్యి బిడ్డా. కానీ మెస్రం వాళ్లు గంగ కోసం హస్తినమడుగు దాక నడిచే పోతరు. వాళ్లకు నీ చార్జర్ వద్దు."

నిజమే. నడిచేటోళ్లు నడుస్తరు. మిగిలినోళ్ల కోసం పని చేద్దాం.

పని ఇది. దసరా సెలవులకు ఊరికి పోయేటోళ్లు మీ రాయి సెంటర్‌ల ఈ మాట పెట్టండి. మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని కేవీఏ అని రాసి ఉంటది, ఫోటో తీయండి. ఊర్ల ఎన్ని ఆటోలు, ఎన్ని బైకులు, దగ్గరి బంకు ఎంత దూరం, సీసా పెట్రోల్ ఎంతకు అమ్ముతున్నరు, ఒక కాగితం మీద రాయండి. ఎవరన్నా చార్జింగ్ కోసం జాగ లీజుకు అడిగిన్రా అనేది తప్పకుండ రాయండి. గ్రామసభ తీర్మానానికి నమూనా రాసి తెచ్చిన, తెలుగుల ఉంది. గోండీల చదివి వినిపించే పని మీది. ఐటీడీఏ పీఓకు, గిరిజన సహకార సంస్థకు, చార్జింగ్ పనులు చూసే రెడ్కో ఆఫీసుకు మూడు కాపీలు పోవాలె, మూడింటికీ ముట్టినట్టు రసీదు తీసుకోవాలె. నమూనా కాగితాలు వెనక బల్ల మీద ఉన్నయి. తలా రెండు తీసుకోండి, చాయ్ తాగి పోండి.

జై సేవా.